సైంటిస్టుకి పదమూడో శతాబ్దంలో ఏం పని?

పోయిన సెమిస్టర్‌లో మన క్లబ్బు కథల పోటీకి నేనొక కథ పంపాను. కాకతీయుల కాలం, దివిసీమ, ఒక హత్య. మొదటి వాక్యంలోనే శవం. తెల్లారగట్ట కాలవలో, గుర్రపుడెక్కలో చిక్కుకుని బోర్లా తేలుతున్న ఒక వర్తకుడి శవం. రాస్తుంటే నాకే ఒళ్ళు జలదరించింది. ఫస్ట్ ప్రైజు ఖాయం అనుకున్నాను.

మూడో రోజు సివిల్ బ్రాంచి ఫ్రెండ్ ఒకడు మెస్సులో నా ఎదురుగా కూర్చుని, సాంబారు కలుపుకుంటూ అడిగాడు.

"కథ బాగుందిరా. మరి ఆ కాలవ ఎక్కణ్ణించి వచ్చింది?"

"ఎక్కణ్ణించేంటి? కృష్ణ నుంచి."

"బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది 1855లో. డెల్టాలో మనం చూసే కాలవలన్నీ ఆ తర్వాతవే. నీ కథ జరిగేది 1250లో. ఆరొందల ఏళ్ళు ముందుగానే నీ శవానికి నీళ్ళొదిలారా?"

పక్క టేబుల్ నుంచి బయోటెక్ అమ్మాయి అందుకుంది. "గుర్రపుడెక్క కూడా తీసెయ్. అది దక్షిణ అమెరికా మొక్క. మన దేశానికి పంతొమ్మిదో శతాబ్దం చివర్లో వచ్చింది."

నేను మాట్లాడకుండా కథ ఇంకోసారి తెరిచాను. నా అన్వేషకుడు రెండో పేజీలో చద్దన్నంలో పచ్చిమిరపకాయ నంజుకుంటున్నాడు. మిరప మనకి వచ్చింది పోర్చుగీసువాళ్ళ తర్వాత. హంతకుడు మూడో పేజీలో సముద్రపు ఒడ్డున సరుగుడు తోటలో దాక్కున్నాడు. మన తీరంలో సరుగుడు నాటడం మొదలైంది కూడా పంతొమ్మిదో శతాబ్దంలోనే. కథలో శవం ఒకటే గానీ, నిజంగా చచ్చింది నేను.

ఆ అవమానంలోంచి ఈ వ్యాసం పుట్టింది. ఆ రాత్రే నేను, "చరిత్ర మీద నేరకథలు రాసేవాళ్ళు ఇలాంటి తప్పులు చేయకుండా ఎలా రాస్తారు?" అని వెతకడం మొదలుపెట్టాను. వెతికితే తేలిందేంటంటే, ఆ పని బాగా చేసినవాళ్ళలో కొందరు చరిత్రకారులు కారు, సాహిత్యం ప్రొఫెసర్లూ కారు. సైంటిస్టులు.

పోస్ట్‌మార్టం చేసే చేత్తో నవల

బెర్నార్డ్ నైట్ పేరు మన మెడికల్ కాలేజీ ఫ్రెండ్స్‌కి తెలిసే ఉంటుంది. 1931లో పుట్టిన ఈ వేల్స్ డాక్టరు ఫోరెన్సిక్ పెథాలజీ ప్రొఫెసరు. అంటే శవపరీక్ష చేసి, మనిషి ఎలా చనిపోయాడో కోర్టుకి చెప్పే మనిషి. బ్రిటన్ హోం శాఖకి దాదాపు ముప్ఫై ఏళ్ళు ఆ పని చేశారు. 1994లో గ్లాస్టర్ ఊళ్ళో ఒక ఇంట్లో, పెరట్లో తవ్వినకొద్దీ మనుషుల అవశేషాలు బయటపడిన ఫ్రెడ్ వెస్ట్ కేసులో వాటిని పరీక్షించింది ఆయనే. ఆయన రాసిన టెక్స్ట్ బుక్ తర్వాతి ఎడిషన్లలో కూడా 'నైట్స్ ఫోరెన్సిక్ పెథాలజీ' అనే పేరుతోనే వచ్చింది.

అలాంటాయన 1998లో 'ది శాంక్చురీ సీకర్' అని ఒక నవల తెచ్చారు. కాలం 1194. చోటు ఇంగ్లండులో డెవన్ ప్రాంతం. కథానాయకుడు సర్ జాన్ డి వుల్ఫ్, ఆ ప్రాంతానికి రాజు వేసిన మొట్టమొదటి కరోనర్. అంటే అనుమానాస్పద మరణాలను విచారించే అధికారి. ఆ వరసలో పది పుస్తకాలు దాటి రాశారు.

రెండో మనిషి సుసన్నా గ్రెగరీ. ఇది కలం పేరు. ముందు యార్క్‌షైర్‌లో పోలీసు ఉద్యోగం, తర్వాత కేంబ్రిడ్జిలో పరిశోధన, ఏళ్ళ తరబడి ధ్రువ ప్రాంతాల్లో ఫీల్డ్ వర్క్, శరీర నిర్మాణ శాస్త్రం పాఠాలు. ఆవిడ మొదటి నవల 1996లో వచ్చింది. కథ 1348లో, ప్లేగు మహమ్మారి ఇంగ్లండుని తుడిచిపెడుతున్నప్పుడు, కేంబ్రిడ్జిలోని మైకేల్‌హౌస్ అనే కాలేజీలో జరుగుతుంది. ఆ కాలేజీ నిజంగానే ఉండేది. 1324లో పెట్టారు, 1546లో ట్రినిటీ కాలేజీలో కలిపేశారు. అక్కడి వైద్యుడు మాథ్యూ బార్తలోమ్యూ ఆవిడ డిటెక్టివ్. ఊరివాళ్ళకీ స్టూడెంట్లకీ కొట్లాటలు, లెక్చరర్ల మధ్య గొడవలు కూడా కథలో ఉంటాయి కాబట్టి మనకి పెద్ద పరాయిగా అనిపించదు.

ఇద్దరిలోనూ నాకు ఆశ్చర్యం కలిగించిన విషయం ఒకటుంది. డీఎన్ఏ, మైక్రోస్కోపు, టాక్సికాలజీ ల్యాబు, ఇవన్నీ చేతిలో ఉన్న మనుషులు వీళ్ళు. ఇవేవీ లేని కాలానికి కావాలని వెళ్ళారు. ఆధునిక నగరంలో కథ పెట్టుకుంటే వాళ్ళకి తెలిసినదంతా వాడుకోవచ్చు కదా? ఎందుకెళ్ళినట్టు?

నాకు తోచిన జవాబు ఇది. పరికరాలన్నీ తీసేశాక మిగిలేదే అసలు సైన్సు. చూడటం, పోల్చడం, "నీకెలా తెలుసు?" అని అడగడం, జవాబు ముందే తెలిసినట్టు నటించకపోవడం. మిషన్ రిపోర్టు ఇచ్చేస్తే డిటెక్టివ్ ఆలోచించక్కర్లేదు. మిషన్ లేనప్పుడు ఆలోచించి తీరాలి.

అదే దశాబ్దంలో, వేరే వేరే ఊళ్ళలో

"వాళ్ళ దేశంలో కరోనర్లు ఉన్నారు, రికార్డులు ఉన్నాయి. మన దగ్గర ఏముంది?" అని మన వాళ్ళు వెంటనే అడుగుతారు. నేనూ అలాగే అనుకున్నాను. కొంచెం చదివాక సిగ్గేసింది.

ముందు వాళ్ళ సంగతి. 1194లో కరోనర్ ఉద్యోగం పుట్టింది న్యాయం మీద ప్రేమతో అని చెప్పలేం. రిచర్డ్ రాజుని విడిపించుకోడానికి కట్టిన సొమ్ముతో ఖజానా ఖాళీ అయింది. రాజుకి రావాల్సిన ప్రతి పైసా లెక్క రాయడానికి జిల్లాకి ముగ్గురు నైట్లు, ఒక గుమాస్తా కావాల్సొచ్చారు. హఠాన్మరణాలతో పాటు ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడలు, భూమిలో దొరికిన నిధులు కూడా వాళ్ళ లెక్కలోకే వచ్చేవి. చచ్చినవాడు ఇంగ్లిషువాడేనని ఊరు రుజువు చేయలేకపోతే, నార్మన్ అనుకుని ఊరంతటికీ జరిమానా వేసేవారు. అలాంటి చట్టం ఉంటే, పొద్దున్నే పొలిమేరలో శవం కనపడిన ఊరికి దాన్ని పక్కూరివైపు ఈడ్చేద్దామని అనిపించదా? నవల అక్కడే మొదలైపోతుంది.

ఇప్పుడు తూర్పుకి రండి. 1247లో చైనాలో సోంగ్ ట్జూ అనే న్యాయాధికారి శవపరీక్ష మీద ఒక పుస్తకం రాశాడు. అందులో ఒక కేసు ప్రసిద్ధి. ఒక ఊళ్ళో ఒకణ్ణి నరికి చంపేశారు. విచారణాధికారి ఊళ్ళో వాళ్ళందరి కొడవళ్ళూ తెప్పించి వరసగా నేల మీద పెట్టించాడు. ఎండాకాలం. ఒకే ఒక్క కొడవలి మీద ఈగలు ముసిరాయి. కడిగేసినా వాసన పోలేదు. కొడవలి యజమాని ఒప్పుకున్నాడు. ల్యాబు లేదు, కెమికల్ లేదు. ఈగలు ఉన్నాయి, ఆలోచన ఉంది.

మన దేశంలో కౌటిల్యుడి అర్థశాస్త్రంలో హఠాత్తుగా చనిపోయినవాళ్ళ శవాల్ని ఎలా పరీక్షించాలో చెప్పే అధ్యాయమే ఒకటుంది. శవానికి నూనె రాసి చూడమంటుంది. ఉరికీ, గొంతు నులమడానికీ, నీట ముంచి చంపడానికీ, విషానికీ గుర్తులు వేర్వేరుగా చెబుతుంది. ఆ గ్రంథం చాలా కాలం కనపడకుండా పోయి, 1905లో శామశాస్త్రి గారి చేతికి దొరికి, 1909లో అచ్చయింది. కాబట్టి కాకతీయుల నాటి పల్లెటూరి అధికారి చేతిలో ఆ పుస్తకం పెట్టేస్తే, అదీ నా గుర్రపుడెక్క లాంటి పనే అవ్వచ్చు. జాగ్రత్తగా ఉండాలి.

అతని చేతిలో ధైర్యంగా పెట్టగలిగిందొకటి మన తెలుగులోనే ఉంది. తిక్కనకి దశకుమార చరిత్రని అంకితమిచ్చిన కేతన పదమూడో శతాబ్దంలోనే 'విజ్ఞానేశ్వరీయము' అని ధర్మశాస్త్రాన్ని తెలుగు చేశాడు. ఆ ధర్మశాస్త్ర సంప్రదాయంలో రుజువులు మూడు రకాలు. రాతపత్రం, అనుభవంలో ఉండటం, సాక్షి. ఈ మూడూ లేనప్పుడే దివ్యం. దివ్యం అంటే తక్కెడలో తూచడం, నిప్పు, నీరు, విషం లాంటి పరీక్షలు. అంటే దేవుడి మీద వేసెయ్యడం అన్నిటికన్నా చివర. ముందు మనుషుల రుజువు చూడాలి. ఇంగ్లండులో కూడా అప్పటిదాకా కాల్చిన ఇనుము పట్టించే పరీక్షలు ఉండేవి. 1215లో చర్చి తన పూజారుల్ని వాటినుంచి తప్పించాకే అవి తగ్గాయి.

ఒక నేరకథకి ఇంతకన్నా ఏం కావాలి? ఒక పక్క "దివ్యం పెట్టించండి, తేలిపోతుంది" అనే పెద్దలు. ఇంకో పక్క "ఉండండి, ఇంకా సాక్షులు ఉన్నారు" అనే ఒక మొండి మనిషి. ఆ మధ్యలో ఒక అమాయకుడి చెయ్యి.

మోటుపల్లి శాసనంలో ఒక మోటివ్

ఇక మన ఇంటి ముందుకి వద్దాం. గణపతిదేవుడు దివిసీమను గెలిచి, అక్కడి అయ్య వంశపు ఆడపడుచులు నారాంబ, పేరాంబలను పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళ అన్నదమ్ముడు జాయపని తన దగ్గర పెట్టుకున్నాడు. ఆ జాయప పెద్దయ్యి గజసైన్యాధిపతి అయ్యాడు, 1250ల్లో 'నృత్తరత్నావళి' రాశాడు. ఓడిపోయిన ఇంటి కుర్రాడు గెలిచినవాడి సైన్యాన్ని నడపడం, మధ్యలో నాట్యం మీద గ్రంథం రాయడం. ఇలాంటి మనిషి మన అవనిగడ్డ వైపు వాడని నాకు ఇంజనీరింగ్ సెకండియర్ దాకా తెలియదు.

అదే గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఒక అభయశాసనం వేయించాడు. అందులో విషయం సూటిగా ఉంటుంది. ఇంతకు ముందు రాజులు తుఫానుకి దారి తప్పి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా బలవంతంగా లాక్కునేవాళ్ళు. బంగారం, ఏనుగులు, గుర్రాలు, ఏదుంటే అది. మేం అలా చెయ్యం. 30 వంతుల్లో ఒక వంతు సుంకం తీసుకుని మిగతాదంతా వదిలేస్తాం. సముద్ర వర్తకులు భయపడక్కర్లేదు. ఆ రేవు ఎంత పేరుపడిందంటే, ఆ శతాబ్దం చివరికల్లా మార్కోపోలో పుస్తకంలోకి ఎక్కింది.

స్కూల్లో దీన్ని ఒక మార్కు బిట్టుగా చదివాం. "మోటుపల్లి శాసనం వేయించినది ఎవరు?" అంతే. ఇప్పుడు దీన్ని నేరకథ రాసేవాడి కళ్ళతో ఇంకోసారి చూడండి.

శాసనానికి ముందు ఓడ మునిగితే, యజమాని బతికున్నా చచ్చినా తేడా లేదు. సరుకు ఎలాగూ పోయింది. శాసనం తర్వాత బతికున్న యజమానికి 30లో 29 వంతులు దక్కుతాయి. అంటే ఆ సరుకు మీద కన్నేసిన లోకల్ అధికారికి, ఒడ్డుకి ఈదుకొచ్చిన యజమాని ఒక పెద్ద అడ్డు. ఎవరూ బతకలేదు అని తేలితేనే లాభం. వర్తకుల్ని కాపాడ్డానికి వేసిన ఒక మంచి చట్టమే, ఒడ్డు మీద ఒక హత్యకి కారణం అయ్యే అవకాశం ఇచ్చింది.

ఇది నా ఊహ. నిజంగా అలా జరిగిందని శాసనం చెప్పదు. కానీ ఈ ఊహ గాల్లోంచి పుట్టలేదు, రాతి మీది లెక్కలోంచి పుట్టింది. ఇంగ్లండులో 1275లో వచ్చిన చట్టం చూస్తే ఇలాంటి భయం అక్కడా ఉండి ఉంటుందనిపిస్తుంది. మునిగిన ఓడ నుంచి ఒక మనిషి, కుక్క, చివరికి పిల్లి ప్రాణంతో బయటపడినా సరే, దాన్ని యజమాని లేని సొత్తుగా లెక్కగట్టకూడదని అందులో రాశారు. పిల్లి కూడా సాక్షే అన్నమాట! ఆ ఒడ్డున పిల్లుల గతి ఏమయ్యుంటుందో ఎవరైనా కథ రాస్తే బాగుండు.

సరే, శవం దొరికింది. కాలవ లేదు కాబట్టి ఈసారి హంసలదీవి దగ్గర ఏటిపాయలో, మడచెట్ల వేళ్ళ మధ్య పెట్టాను. ఆ మనిషి ఎప్పుడు చచ్చాడో ఎలా చెప్పాలి? ఇప్పుడైతే ల్యాబు ఉంది. ఎముక మజ్జలో డయాటమ్‌లు వెతికి, ఉప్పునీళ్ళలో మునిగాడా మంచినీళ్ళలోనా అని కూడా చెప్పడానికి ప్రయత్నిస్తారు. 1250లో మైక్రోస్కోపు లేదు.

కానీ చంద్రుడు ఉన్నాడు. పున్నమికీ అమావాస్యకీ పోటు ఎక్కువ ఎత్తుకి వస్తుంది, మధ్యలో తగ్గుతుంది. ఇది న్యూటన్ చెప్పకముందే దివిసీమలో వేటకెళ్ళే ప్రతి మనిషికీ తెలుసు. శవం ఇరుక్కున్న ఎత్తుకి నీళ్ళు వచ్చింది పున్నమి రోజుల్లో. ఇవాళ బహుళ దశమి. మధ్యలో తుఫాను లేదు. ఒకాయన వచ్చి "పంచమి నాడు కూడా నేనతనితో మాట్లాడాను" అంటున్నాడు. అయితే ఆయన అబద్ధం చెబుతున్నాడు, లేదంటే శవాన్ని ఎవరో మోసుకొచ్చి అక్కడ పెట్టారు. ఈ రెండిట్లో ఏదో తేల్చడానికి మిషన్ అక్కర్లేదు. ఒక జాలరి సాక్ష్యం, బురదలో అడుగుల గుర్తులు, కాస్త ఓపిక చాలు.

ఇది రాసిన రోజు నాకు ఫిజిక్స్ మొదటిసారి సొంతదిలా అనిపించింది.

ల్యాబు రికార్డు గురించి ఒక ఒప్పుకోలు

ఇప్పుడు మనందరికీ తెలిసిన, ఎవరం మాట్లాడుకోని విషయం. పోయినేడాది ఒక ల్యాబులో మా బ్యాచ్‌కి ఉక్కు కడ్డీ మీద ప్రయోగం. జవాబు చదరపు మిల్లీమీటరుకి 2,00,000 న్యూటన్ల దగ్గర రావాలి. మాకు 1,40,000 వచ్చింది. టైమ్ అయిపోతోంది. సీనియర్ రికార్డు తెరిచి, రావాల్సిన జవాబు నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రీడింగులు "సర్దాం". పదికి పది మార్కులు వచ్చాయి.

తర్వాత సెమిస్టర్‌లో తెలిసింది, ఆ డయల్ గేజీ బిగింపు వదులైపోయి తప్పు చూపిస్తోందని. ఎన్నాళ్ళుగా అలా ఉందో ఎవరూ చెప్పలేకపోయారు. ఎందుకంటే మా ముందు బ్యాచ్‌ల రికార్డుల్లో కూడా జవాబు కరెక్టుగానే ఉంది!

మన దగ్గర చరిత్ర గురించి మాట్లాడే పద్ధతి కూడా అచ్చం ఇలాగే తయారైందని నా అభిప్రాయం. ఒక గుంపుకి జవాబు ముందే తెలుసు: మన పూర్వీకులకి విమానాల నుంచి ప్లాస్టిక్ సర్జరీ దాకా అన్నీ తెలుసు. ఇంకో గుంపుకీ జవాబు ముందే తెలుసు: వాళ్ళకేమీ తెలీదు, అంతా మూఢనమ్మకమే. రెండు గుంపులూ రీడింగులు వెనక నుంచి రాస్తాయి. గేజీ వదులైన సంగతి ఎవరికీ పట్టదు.

నైట్, గ్రెగరీ లాంటివాళ్ళు ఈ రెండిట్లో దేనికీ పోరు. వాళ్ళ పాత్రలకి ఆ సంవత్సరం దాకా తెలిసినంతే తెలుసు. గ్రెగరీ వైద్యుడు ప్లేగుతో రోజూ పోరాడతాడు. అది దేనివల్ల వస్తుందో అతనికి తెలీదు, తెలిసే దారీ లేదు. ఆ క్రిమిని కనిపెట్టింది 1894లో. మనకి తెలుసు, అతనికి తెలీదు. అయినా రోగి దగ్గర నిలబడి, చూసింది చూసినట్టు రాసుకుంటాడు. పాఠకుడికి అతని మీద గౌరవం పుట్టేది అక్కడే. వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు, వాళ్ళ చేతిలో డేటా తక్కువ, అంతే. ఆ తక్కువ డేటాతో ఎంత దూరం నిజాయితీగా వెళ్ళారు అన్నదే చూడాలి. రేపు మన గురించి కూడా ఎవరో ఇలాగే చూస్తారు.

"నవలకి స్వేచ్ఛ ఉండదా?"

ఉంటుంది. మా క్లబ్బు అక్క ఒకావిడ నాతో గట్టిగా వాదించింది. "ప్రతి కథకీ సైటేషన్ పెడితే ఇంక కథెందుకు, థీసిస్ రాసుకో" అంది. అందులో నిజం ఉంది. నవల చదివేది డేటా కోసం కాదు. అడివి బాపిరాజు గారు మన బందరు జాతీయ కళాశాలకి ప్రిన్సిపాల్‌గా పనిచేశారు, ఆయన 'గోన గన్నారెడ్డి' కాకతీయుల కాలానిదే. కృష్ణకి అవతలి ఒడ్డున రేపల్లెలో వకీలుగా ఉంటూ నోరి నరసింహశాస్త్రి గారు 'రుద్రమదేవి' రాశారు. వాళ్ళు రాయకపోతే మనలో చాలామందికి ఆ కాలం గురించి ఒక బొమ్మ కూడా ఉండేది కాదు.

నేను అడిగేది వేరే. మన దగ్గర చారిత్రక నవల ఒక బీరువాలో, డిటెక్టివ్ నవల ఇంకో బీరువాలో ఉండిపోయాయి. మొదటిదాంట్లో రాజులు, రాణులు, యుద్ధాలు. రెండోదాంట్లో కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ లాంటి పట్నం డిటెక్టివులు. రాజుల కాలంలో ఒక జాలరి, ఒక చాకలి, ఒక ఓడ కళాసీ చచ్చిపోతే "ఎందుకు?" అని అడిగే పుస్తకం ఈ రెండు బీరువాల మధ్య గోడలో పడిపోయింది. చరిత్ర రాజుగారిని గుర్తుపెట్టుకుంటుంది. నేరకథ చచ్చినవాణ్ణి గుర్తుపెట్టుకుంటుంది, ఎందుకంటే వాడు లేకపోతే అసలు కథే లేదు.

ఇంకో మాట కూడా వింటుంటాం. "సైన్సు వాళ్ళు రాస్తే సైన్స్ ఫిక్షన్ రాయాలి, సైన్సు వ్యాసాలు రాయాలి." కొడవటిగంటి రోహిణీప్రసాద్ గారు భాభా అణు పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. తెలుగులో ఎంత చక్కటి సైన్సు వ్యాసాలు రాశారో, సంగీతం గురించీ అంత చక్కగా రాశారు. ఎవరు ఏం రాయాలో బ్రాంచిని బట్టి అలాట్ చెయ్యడానికి ఇదేమీ కౌన్సెలింగ్ కాదు.

అమ్మమ్మ కుట్టిన రవిక

ఇదంతా ఇంత పట్టుదలగా ఎందుకు రాస్తున్నానో చెప్పాలి.

సంక్రాంతి సెలవలకి గుడివాడ నుంచి బందరు వెళ్ళి, ఉల్లిపాలెం వారధి మీదుగా అమ్మమ్మ వాళ్ళ ఊరు చేరాను. నాగాయలంక వైపు. రాత్రి మంచం మీద పడుకుని నా కథ చెప్పాను. శవం, ఓడ, సాక్ష్యం, అన్నీ. అమ్మమ్మ చివరిదాకా విని, "ఆ వర్తకుణ్ణి ఎవరు గుర్తుపట్టారు?" అని అడిగింది.

నేను దాని గురించి ఆలోచించనేలేదు. నా కథలో శవానికి పేరు మొదటి పేజీలోనే ఉంది.

అప్పుడు తను 1977 సంగతి చెప్పింది. నవంబర్ 19, ఉప్పెన. అప్పటికి అమ్మమ్మకి కొత్తగా పెళ్ళయింది. వాళ్ళక్క సముద్రానికి దగ్గరగా ఇంకో ఊళ్ళో ఉండేది. నీళ్ళు తీశాక తాతయ్యతో కలిసి మూడు రోజులు వెతికింది. మొహాలు చూసి గుర్తుపట్టే పరిస్థితి లేదు. చివరికి రవిక భుజం దగ్గర అతుకు చూసి పట్టుకుంది. ఆ దీపావళికి ఆ అతుకు వేసింది తనే. పసుపు గుడ్డ మీద ఎర్రదారం, ఇంట్లో పసుపు దారం లేక.

"మా అక్కని మేం తెచ్చుకున్నాం. అక్కడ మిగతావాళ్ళందర్నీ కుప్పలేసి కాల్చేశార్రా. తప్పు లేదు, ఇంకేం చేస్తారు? రోగాలొస్తాయి కదా. కానీ ఎవరెవరో రాసుకున్నవాళ్ళు లేరు."

ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు పదివేల మంది పోయారు. ఇంకా ఎక్కువే అంటారు ఇక్కడివాళ్ళు. అంతకు ముందు 1864 నవంబర్‌లో బందరు ఉప్పెనలో ముప్ఫై వేల దాకా పోయారని లెక్క. అవి సంఖ్యలు. మన డెల్టా కింద, మనం బైకులు నడిపే రోడ్ల పక్కన, పేర్లు రాసుకోని మనుషులు అంతమంది ఉన్నారు.

అమ్మమ్మకి ఫోరెన్సిక్ అనే మాట తెలీదు. కానీ తను చేసింది అదే. ఒక గుర్తు, దాన్ని వేసిన చెయ్యి, దాన్ని చూసిన కన్ను. రాతపత్రం లేదు, మిషన్ లేదు, సాక్షి తనే. కేతన చెప్పిన రుజువుల్లో ఒకటి మా ఇంట్లోనే ఉంది.

సెలవల నుంచి వచ్చాక కథ మళ్ళీ మొదటి నుంచి రాస్తున్నాను. ఈసారి శవానికి పేరు లేదు. రేవులో ఒక ముసలావిడ బట్ట మీద కుట్టు చూసి చెప్పేదాకా అతనెవరో ఎవరికీ తెలీదు. ఆమె చెప్పాకే విచారణ మొదలవుతుంది. ఇంకా పూర్తి కాలేదు. పూర్తయినా ప్రైజు వస్తుందని గ్యారంటీ లేదు. సివిల్ ఫ్రెండ్ ఇప్పటికే ఇంకో తప్పు పట్టాడు.

క్లబ్బుకి నాదొక ప్రతిపాదన. వచ్చే సంచికల్లో ఒకదాన్ని పాతకాలపు నేరకథలకి ఇద్దాం. రూలు ఒక్కటే. ప్రతి కథ వెనకా అర పేజీ ఉండాలి, "ఇది నాకెలా తెలిసింది, ఇందులో నేను ఊహించింది ఎంత" అని. ఎడిటర్లు మార్కులు వెయ్యక్కర్లేదు, మనకి మనం చెప్పుకుంటే చాలు. దానికి ముందు ఒక ఆదివారం అందరం బయల్దేరదాం. ఘంటసాల మ్యూజియం, శ్రీకాకుళం ఆంధ్ర మహావిష్ణువు గుడి, హంసలదీవి. వీలైతే ఇంకో రోజు మోటుపల్లి. సివిల్ వాళ్ళు పాత ఏటిపాయల దారులు చూడండి, బయోటెక్ వాళ్ళు అక్కడి మొక్కల్లో ఏవి మనవో చెప్పండి, కంప్యూటర్స్ వాళ్ళు తిథుల్ని తారీఖుల్లోకి మార్చే ప్రోగ్రాం రాసిపెట్టండి.

ల్యాబు రికార్డు కూడా ఈ సెమిస్టర్ నుంచి వచ్చింది వచ్చినట్టే రాస్తున్నాను. మొన్న పదికి ఆరు వచ్చాయి. సార్ పిలిచి, "రీడింగ్ ఇంత తేడా ఎందుకొచ్చింది?" అని అడిగారు. ఇద్దరం కలిసి పరికరం విప్పి చూశాం. మూడేళ్ళలో నన్ను ఒక లెక్చరర్ "ఎందుకు?" అని అడగడం అదే మొదటిసారి.